పాత సర్వర్‌కి పెట్టిన బొట్టు

మా ఎదురింటి అమ్మాయికి ఈ మధ్య హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. ఏం పని అని అడిగితే, ఈవిడకి చెప్పినా అర్థం కాదులే అనుకుందో ఏమో, "కంప్యూటర్ పనే అత్తా, వెనకాల ఉండే పని" అంది. వెనకాల అంటే ఎంత వెనకాల అని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి, డేటాబేస్ సర్వర్ల ముందు ఉండే ప్రాక్సీని చూసుకోవడం అని చెప్పింది. నాకు నవ్వాగలేదు. నేను రిటైరైంది ఆ పనిలోనే. అదీ మార్కాపురంలో, కింద పలకల గోడౌను, పైన మా ఆఫీసు ఉన్న ఒక మేడ మీద. ఆ అమ్మాయి నోరు తెరిచి చూస్తుంటే మైసూర్ పాక్ ముక్క నోట్లో వేసుకుని ఈ కథ మొదలుపెట్టాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ పనిలోకి వచ్చే పిల్లలు ఇంకా ఎందరో ఉంటారు కదా.

నేను పెద్ద చదువులేం చదవలేదు. టైపు నేర్చుకుని, కొన్నాళ్లు పెళ్లి పత్రికలు డిజైన్ చేసి, ఆ తర్వాత నీళ్ల ట్యాంకర్లు నడిపే కంపెనీలో చేరాను. మా పడమటి మండలాల్లో నీళ్ల సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది. ఏ ఊళ్లో బోరు ఎండితే ఆ ఊరికి ట్యాంకరు వెళ్లాలి. ఏ ట్యాంకరు, ఏ ఊరు, రోజుకి ఎన్నిసార్లు అన్నది కంప్యూటర్లో ఉంటుంది. డ్రైవరు పొద్దున్నే తన ఫోను తెరిస్తే ఆ రోజు పోవాల్సిన ఊర్లు కనిపిస్తాయి. నీళ్లు నింపే బోరు దగ్గర కాపలా మనిషికి ఆ ఫోను చూపిస్తేనే ట్యాంకరు నిండుతుంది. ఊళ్లో నీళ్లు వదులుతూ ఫోటో తీసి పంపితేనే ట్రిప్పు ముగిసినట్టు. ఇదంతా నడిపే యంత్రాలు మా ఆఫీసులోనే ఒక చిన్న ఏసీ గదిలో ఉండేవి. ఎక్కడో క్లౌడులో పెట్టుకోవచ్చని ఎవరెన్ని చెప్పినా మా యజమాని ఒప్పుకోలేదు. నా సొమ్ము నా కళ్లెదురుగా ఉండాలి అనేవారు. చూడ్డానికి ఏడాదికొకసారి వచ్చేవారు.

చాలా ఏళ్లు మాకు ఒక్కటే సర్వర్. నల్లగా, బరువుగా, ఎండాకాలంలో గ్రైండరులా మోత పెడుతూ ఉండేది. ఊర్లు పెరిగాయి, ట్యాంకర్లు పెరిగాయి, దాని వల్ల కాలేదు. ఒక ఏడాది ఉగాది తర్వాత దాన్ని మెట్ల కింద పెట్టి మూడు కొత్త సర్వర్లు తెచ్చాం. మూడూ ఒకే సమాచారం దాచుకుంటాయి. ఒకటి పడిపోయినా మిగతావి నడిపిస్తాయి. దాన్నే క్లస్టర్ అంటారు. వాటి ముందు ప్రాక్సీ ఉంటుంది. పెద్దాసుపత్రిలో గుమ్మం దగ్గర చీటీ రాసే మనిషి ఉంటాడు చూడండి, నువ్వు ఈ గదికి, నువ్వు ఆ గదికి అని పంపుతూ, అలాంటిదన్నమాట. డ్రైవర్ల ఫోన్లకి సర్వర్లు ఎన్ని ఉన్నాయో తెలీదు. అవి ప్రాక్సీని అడుగుతాయి, ప్రాక్సీ ఎవరి దగ్గరికి పంపితే వాళ్లే జవాబు చెబుతారు. ఆ ప్రాక్సీని కనిపెట్టుకుని ఉండడం నా పని. నాతో పాటు గిద్దలూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల. మూడు సర్వర్లకీ పెద్దన్న, నడిపన్న, చిన్నోడు అని పేర్లు పెట్టింది. "అక్కా, నడిపన్నకి జ్వరం" అందంటే వేడెక్కిందని అర్థం.

ఈ ప్రాక్సీని పెట్టింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. ముందు పరీక్షకని దాన్ని పాత సర్వర్ ఒక్కదానికే కలిపాడు. బాగుందన్నాక ఆ ఏర్పాటు డిస్కులో భద్రం చేశాడు. తర్వాత మూడు కొత్త సర్వర్లు వచ్చినప్పుడు మళ్లీ వచ్చి, పాతదాన్ని తీసేసి కొత్తవాటి పేర్లు చెప్పాడు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ప్రాక్సీకి ఏదైనా చెబితే అది వెంటనే అలా నడుచుకుంటుంది. కానీ చెప్పినదాన్ని డిస్కులో భద్రం చెయ్యి అని విడిగా ఇంకో మాట చెప్పాలి. చెప్పకపోతే, ఆపి మళ్లీ వేసిన రోజున అది అంతా మరిచిపోయి, పాత ఏర్పాటునే గుర్తు తెచ్చుకుంటుంది. ఆ రోజు ఆయనకి సాయంత్రం రైలుంది. "చూడండి మేడం, పని చేస్తోంది కదా" అని బ్యాగు తగిలించుకుని స్టేషనుకి పరిగెత్తాడు. పని చేస్తోంది కాబట్టి మేమూ సంతోషించాం. పని చేస్తున్నదాన్ని ఎవరు ఆపుతారు? ఏడాది పొడుగునా దాన్ని ఆపేవాళ్లే లేరు.

ఒక్క ఆయుధ పూజ నాడు తప్ప.

మా ఆఫీసులో అదొక ఆచారం. మహర్నవమి నాడు డ్రైవర్లు ట్యాంకర్లు కడిగి, పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి ఇంటి దగ్గర పెట్టుకుంటారు. ఆ రోజు ట్యాంకరు కదలదు. ముందు రోజే ఊళ్లన్నిటికీ నీళ్లు పోసి, రేపు పండగ అని చెప్పి వస్తారు. ట్యాంకర్లకి సెలవైతే సర్వర్లకీ సెలవే. అన్నీ ఆపి, దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మంచి గడియ చూసి మళ్లీ వేస్తాం. ఇది నడిపించేది మా అటెండరు. వయసులో నాకంటే చాలా పెద్ద. నేను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. ఆఫీసులో మేనేజరు మాటకి ఎదురు చెప్పగలిగినవాడు ఆయనొక్కడే, అదీ ఆ ఒక్క రోజే.

ఆ ఏడు నవమి నాడు మేం పెద్దన్నకీ, నడిపన్నకీ, చిన్నోడికీ, ప్రాక్సీ పెట్టెకీ బొట్లు పెడుతుంటే, పెద్దనాయన మెట్ల కింద నుంచి పాత సర్వర్ని మోసుకొచ్చాడు.

"ఇదెందుకు పెద్దనాయనా?" అన్నాను.

"ఏంది తల్లీ అట్లంటావు? ఇన్నేండ్లు మనకు కూడు పెట్టింది ఇదే గదా. కొత్తోళ్లకు బొట్లు పెట్టి, దీన్ని చీకట్లో పడేస్తే బాగుంటాదా?"

బాగుండదు అని నాకూ అనిపించింది. మేనేజరు ఒంగోలు వైపు మనిషి, పద్ధతి ప్రకారం నడిచేవాడు, ఆయన కూడా చెప్పులు విప్పి పక్కకి జరిగి చోటిచ్చాడు. పెద్దనాయన దాన్ని శుభ్రంగా తుడిచి, అందరికంటే పెద్ద బొట్టు దానికే పెట్టాడు. కరెంటు పెట్టాం. అది పాత మోతతో లేచింది. కానీ ఆయనకి తృప్తి లేదు.

"ఆ మూడిట్లో పచ్చ లైట్లు మిణుకు మిణుకుమంటాండాయి. దీనికేంది, ఒక్కటే ఎలుగుతాంది?"

"నెట్‌వర్క్ వైరు తగిలిస్తే వెలుగుతాయి తాతా" అంది గిద్దలూరు అమ్మాయి.

"మరి తగిలీయమ్మా. పండగ పూట దానికి తక్కువెందుకు?"

ఆ పిల్ల తగిలించింది. పచ్చ లైట్లు గలగలా వెలిగాయి. మేమందరం నిలబడి దండం పెట్టుకున్నాం. పెద్దనాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత పులిహోర తిని, తలుపులేసి ఇళ్లకి వెళ్లాం. వైరు తీసే సంగతి ఎవరికీ తట్టలేదు. అది ఆ గదిలో వెలుగుతూనే ఉంది. పక్కనే, ఆపి మళ్లీ వేసిన ప్రాక్సీ కళ్లు తెరిచి, తన డిస్కులో భద్రంగా ఉన్న ఏకైక పేరు కోసం చూసింది. ఆ పేరుగల సర్వర్ పక్కనే బొట్టు పెట్టుకుని సిద్ధంగా ఉంది.

మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ పాత సర్వర్ గనక మెట్ల కిందే ఉండి ఉంటే, ప్రాక్సీకి జవాబు చెప్పేవాళ్లు లేక అంతా ఆగిపోయేది. అప్పుడు మేం పులిహోర చెయ్యి కడుక్కోకుండానే తప్పు పట్టుకునేవాళ్లం. ఆగిపోయిన యంత్రంతో పెద్ద బాధ లేదు. చక్కగా నడుస్తూ తప్పు చెప్పే యంత్రంతోనే అసలు బాధ.

మర్నాడు దసరా. పండగైనా నీళ్లు పంపాలి కాబట్టి పొద్దున్నే ఆఫీసు తెరిచాం. ట్యాంకర్లన్నీ బయల్దేరాయి. స్క్రీను మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. మొదటి ఫోను గిద్దలూరు వైపు వెళ్లిన డ్రైవరు నుంచి వచ్చింది.

"అక్కా, ఈ ఊర్లో ఇంటింటికీ కొళాయిలు వచ్చినాయంట. నన్ను జూసి నవ్వుతాండారు."

"పొరపాటున వేరే ఊరికి పోయినావేమో."

"ఫోన్లో ఇదే ఉండాదక్కా. వీళ్లు ట్యాంకరుకు దండేసి టెంకాయ కూడా కొట్టినారు. ఏం జెయ్యమంటావు?"

ఆ ఫోను పెట్టేలోపు ఇంకో డ్రైవరు. అతను వెళ్లిన ఊళ్లో ఎండాకాలం పోయాక బోరులో నీళ్లు తిరిగొచ్చాయట, ట్యాంకరు మాన్పించి నెలలు గడిచాయట. మేనేజరు లేచి మా దగ్గరికి వచ్చాడు. మూడో ఫోను గిద్దలూరు అమ్మాయి ఎత్తింది. అది కొమరోలు అవతల, కొండ దిగువ పల్లె నుంచి.

ఆ పల్లె గురించి చెప్పాలి. గొర్రెలూ, మేకలూ, వానకి పండే కందీ తప్ప ఇంకేం లేని చిన్న పల్లె. శ్రావణంలో వాళ్ల ఒక్కగానొక్క బోరు ఎండింది. అప్పటి నుంచీ ఒక అవ్వ రోజూ ఫోను చేసి, మా చెవులు చిల్లులు పొడిచి, ఆ ఊరిని ట్యాంకరు ఊర్లలో చేర్పించింది. కోడలు నంబరు నొక్కి ఇస్తుంది, అవ్వ మాట్లాడుతుంది. ఆఫీసులో అందరికీ ఆమె గొంతు తెలుసు.

"ట్యాంకరు ఇంగా రాలేదు పాపా. నిన్న పండగన్నారు, సరేలే అని ఊరుకున్యాము. ఈ పొద్దు ఏమొచ్చింది?"

"ఈ పొద్దు కూడా పండగే గదవ్వా" అని నవ్వింది మా పిల్ల.

"పండగైతే నీళ్లు తాగరా ఏంది? తొట్టి అడుగున తడి గూడా లేదు. గొర్రెలు అరుస్తాండాయి."

ఆ పిల్ల ఊరి పేరు కొట్టి చూసింది. మళ్లీ కొట్టింది. నవ్వు పోయింది.

"అవ్వా, మీ ఊరు ఇందులో లేదు."

"లేకపోవడమేంది? నేను యాడ్నుంచి మాట్లాడతాండా మరి?"

నేనూ వంగి స్క్రీనులో వెతికాను. శ్రావణంలో నా చేత్తో ఎక్కించిన ఊరు. మేం తీసేసిన ఊర్లు కనిపిస్తున్నాయి, తర్వాత చేర్చినవి కనిపించడం లేదు. అంటే ఇది నేటి పట్టిక కాదు, ఉగాది నాటిది అని తట్టింది. ప్రాక్సీలోకి వెళ్లి, అందరినీ ఎవరి దగ్గరికి పంపుతున్నావమ్మా అని అడిగాను. ఒకే ఒక్క చిరునామా చూపించింది. పెద్దన్నది కాదు, నడిపన్నది కాదు, చిన్నోడిది కాదు. లేచి ఏసీ గదిలోకి వెళ్లి చూస్తే, అందరికంటే పెద్ద బొట్టుతో పాత సర్వర్ ఒక్కతే జిల్లా మొత్తానికీ జవాబులు చెబుతూ, పచ్చ లైట్లు తళతళలాడిస్తూ కూర్చుంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలియక, ముందైతే నవ్వాను. మేనేజరుకి నా నవ్వు నచ్చలేదు.

"ఏంటండీ ఇది? హైదరాబాదు ఇంజనీరుకి ఫోన్ చెయ్యండి. ఆయన చెప్పేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు."

ఆయన ఫోను మోగి మోగి ఆగింది. దసరా కదా, ఏ జమ్మి చెట్టు దగ్గర ఉన్నాడో.

"సార్, మనమే మారుద్దాం" అన్నాను.

"మారిస్తే పొద్దున్నించి డ్రైవర్లు పంపినవన్నీ పోతాయండీ. అవి ఈ పాతదాంట్లోనే కదా ఎక్కాయి. రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?"

ఆయన మాట తప్పు కాదు. పొద్దుటి నుంచి ముగిసిన ట్రిప్పులన్నీ పాతదాని కడుపులోనే ఉన్నాయి. కానీ మనం ఆలోచించే కొద్దీ ఇంకో ట్యాంకరు ఇంకో కొళాయి ఉన్న ఊరికి పోతుంది. అవ్వ వాళ్ల తొట్టిలో తడి లేదు. ఆ పల్లె పేరు ఫోన్లో కనబడనిదే బోరు దగ్గర కాపలా మనిషి చుక్క వదలడు.

"అడిగేవాళ్లు ఇప్పుడే అడుగుతున్నారు సార్. ఆ ఫోను మీరెత్తండి, ఈ పని మేం చూస్తాం" అన్నాను. నాకు కోపం వస్తే మాట కొంచెం కారంగా ఉంటుంది. ఆయన కుర్చీ లాక్కుని ఫోను ముందు కూర్చున్నాడు. మంచివాడు. ఆ తర్వాత ఎన్ని తిట్లు తిన్నాడో ఆయనకే తెలియాలి.

అప్పుడు గుర్తొచ్చింది. గిద్దలూరు వైపు వెళ్లిన ట్యాంకరు నిండుగా ఉంది, అక్కడి నుంచి కొమరోలు దారి దగ్గరే. డ్రైవరుకి ఫోను చేస్తే కలవదు. మళ్లీ చేస్తే కలవదు. ట్రిప్పు ముగించాలంటే నీళ్లు వదులుతూ ఫోటో తియ్యాలి కదా, ఆ బుద్ధిమంతుడు ఎక్కడ వదిలేస్తాడోనని నా ప్రాణం కొట్టుకుంది. చివరికి కలిసింది.

"వాల్వు తిప్పొద్దు" అన్నాను, హలో కూడా అనకుండా.

"తిప్పినా గదక్కా. వీళ్లు వద్దన్నారు, ఫోటో కావాల గదా అని ఊరి మేకల తొట్టికి వదుల్తాండా."

"కట్టెయ్యి నాయనా. ఎంత పోయింది?"

"సగం పోయింటాది."

"మిగతా సగంతో కొమరోలు దాటి కొండ కింద పల్లెకి పో. అవ్వ ఊరికి. ఫోన్లో ఏమున్నా చూడొద్దు, నేను చెప్తున్నా పో."

"ఆ అవ్వ ఊరా? ముందే చెప్పాల్సింది అక్కా" అని బండి తీశాడు. ఆమె అంటే డ్రైవర్లకీ భయమే.

ఇక మా పని. ముందు పాత సర్వర్ వైరు పెద్దనాయనతోనే తీయించాను. తగిలించమన్నది ఆయనే కాబట్టి, తీసే హక్కు కూడా ఆయనదే అనిపించింది. వైరు తీయగానే డ్రైవర్ల ఫోన్లన్నీ తెల్లబోయాయి. మేనేజరు దగ్గర రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. గిద్దలూరు అమ్మాయిని కూర్చోబెట్టి, పక్కనే నిలబడి, కొత్తగా రాసుకునేవన్నీ పెద్దన్నకి, చదివి చెప్పేవి మిగతా ఇద్దరికీ అని ప్రాక్సీకి ఒక్కొక్కటీ చెప్పించాను. ఊర్లు తిరిగొచ్చాయి. అవ్వ ఊరు కూడా వచ్చింది.

"అయిపోయిందక్కా" అని ఆ పిల్ల లేవబోయింది.

"కూర్చో. డిస్కులో భద్రం చెయ్యి."

చేసింది.

"ఇప్పుడు ప్రాక్సీని ఆపి మళ్లీ వెయ్యి."

మేనేజరు ఫోను చెవికి ఆనించుకునే నా వైపు తిరిగాడు. ఇప్పుడే కదా ప్రాణం వచ్చింది, మళ్లీ ఆపడమేమిటి అని ఆయన మొహంలో రాసి ఉంది. కానీ గుర్తుందో లేదో ఆపి చూస్తే తప్ప తెలియదు. ఆపింది. వేసింది. మేం స్క్రీనుకి దగ్గరగా జరిగాం. ముగ్గురు అన్నదమ్ములూ వరసగా లేచి పలికారు. ఆ పిల్ల నన్ను గట్టిగా వాటేసుకుంది. నాకు సిగ్గేసింది గానీ, సంతోషంగానే ఉంది. ఆ తర్వాత పొద్దుటి ట్రిప్పుల కోసం ఒక్కో డ్రైవరుకీ ఫోను చేసి మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చున్నాం. పోయినది మా భోజనం వేళ మాత్రమే.

మధ్యాహ్నం అవ్వ ఫోను వచ్చింది. ఈసారి నేనే ఎత్తాను. వెనకాల బిందెల చప్పుడు, గొర్రెల అరుపులు, ఎవరో పిల్లల్ని అదిలించడం.

"వచ్చినాయి పాపా. సగమే వచ్చినాయి. ఇంగొకటి వస్తాదంట గదా."

"బయల్దేరిందవ్వా. చీకటి పడకముందే వస్తుంది."

"సరే. పొద్దున మా ఊరు లేదంటిరే, ఏమైంది?"

ఏదో సాంకేతిక లోపం అని చెప్పి ఊరుకోవచ్చు. అందరికీ అదే చెప్పాం ఆ రోజు. ఆమెకి మాత్రం అలా చెప్పబుద్ధి కాలేదు. మెట్ల కింద ఉన్న పాత యంత్రాన్ని పండగని పైకి తెచ్చి బొట్టు పెట్టిన సంగతీ, అది లేచి ఉగాది నాటి ఊర్లు చెప్పిన సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"దాన్నేమన్నా అన్నారా?" అంది.

"ఎవర్ని అవ్వా?"

"ఆ ముసలిదాన్ని. మూలన ఉన్నదాన్ని లేపి, కూర్చోబెట్టి, ఊర్లు జెప్పు అంటే, దానికి తెలిసిన ఊర్లు అది జెప్పింది. మా ఊరు దానికెట్ల తెలుస్తాది? ఎవురూ చెప్పలేదు గదా."

"చెప్పలేదవ్వా."

"నన్నూ అడుగుతారు ఇంట్లో, బెల్లం డబ్బా యాడుండాదని. నేను పాత తావు జెప్తా. అందరూ నవ్వుతారు. మార్చినోళ్లు నాకు చెప్పినారా మరి?" అని, ఎవరో పిలిస్తే, "వస్తాండా, వస్తాండా" అంటూ ఫోను పెట్టేసింది.

నేనూ ఫోను పెట్టేశాను. మేనేజరు తిట్లు తిని తిని అలసిపోయి, రేపు పాత సామాన్లవాణ్ణి పిలిపించి ఆ సర్వర్ని తూకానికి వేసేస్తానంటున్నాడు. లేచి ఏసీ గదిలోకి వెళ్లాను. పెద్దనాయన తీసిన వైరు చేతికి చుట్టుకుని దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఆపేయమంటావా తల్లీ?" అన్నాడు, స్విచ్చు వైపు చెయ్యి చాపి.

"వద్దులే పెద్దనాయనా. పండగ గదా. ఈ రోజుకి వెలగనీ."